సంకేతం లేనప్పుడు ఆ ప్రోటీన్ ఏమి చేస్తోంది? ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ పాత్ర మార్పును తేల్చే పద్ధతి

సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రోటీన్ లేని ఎలుక పిండంలో కాళ్ల చివరి భాగాలు సరిగా ఏర్పడవు, వేళ్లు దాదాపుగా రావు. ఈ సంకేతాన్ని జన్యువుల దాకా చేర్చే ప్రోటీన్లలో గ్లి3 ఒకటి. ఇది ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే డీఎన్‌ఏను పట్టుకుని జన్యువు పనిని పెంచే లేదా తగ్గించే ప్రోటీన్. సంకేతంతో పాటు దాన్ని కూడా తీసేస్తే పరిస్థితి ఇంకా దిగజారాలి కదా? 2002లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా అదే చేసి చూశాయి. వేళ్లు తిరిగి వచ్చాయి, పైగా ఉండాల్సిన వాటికంటే ఎక్కువ వచ్చాయి. సంకేతం లేని పిండంలో వేళ్లను ఆపుతున్నది గ్లి3యే అన్నమాట.

పాఠ్యపుస్తకాల్లో కనిపించే బొమ్మ వేరు. సంకేతం వస్తుంది, ఫ్యాక్టర్ కేంద్రకంలోకి వెళుతుంది, జన్యువు మేలుకుంటుంది. ఎన్‌ఎఫ్-కప్పా బి లాంటి ఫ్యాక్టర్లకు ఆ బొమ్మ చాలావరకు సరిపోతుంది. వింట్, నాచ్, హెడ్జ్‌హాగ్, థైరాయిడ్ హార్మోన్ సంకేత దారుల విషయంలో మాత్రం అది సగం కథే. వీటిలో ఫ్యాక్టర్ సంకేతం రాకముందే డీఎన్‌ఏ మీద కూర్చుని జన్యువును అణచి ఉంచగలదు. సంకేతం వచ్చాక అవే బంధన స్థలాల (డీఎన్‌ఏలో అది పట్టుకునే చిన్న వరుసల) నుంచి జన్యువును నడిపిస్తుంది.

చేతిలో ఒక జన్యువు, దాని దగ్గర ఒక ఫ్యాక్టర్ బంధన స్థలం ఉండి, ఈ రెండు పాత్రల వ్యవహారం తన జన్యువుకు కూడా వర్తిస్తుందో లేదో తేల్చుకోవాల్సిన ఎం.ఎస్సీ. లేదా పీహెచ్‌డీ విద్యార్థి కోసం ఈ మార్గదర్శి. ప్రధాన ఉదాహరణగా వింట్ దారిని తీసుకుంటున్నాను. మామూలు కణ వర్ధన సదుపాయం ఉన్న ప్రయోగశాలలో దీన్ని నడపడం తేలిక.

పాత్రధారులను క్లుప్తంగా పరిచయం చేస్తాను. వింట్ సంకేతం లేనప్పుడు ఆక్సిన్, ఏపీసీ ప్రోటీన్లున్న సముదాయంలో సీకే1, జీఎస్‌కే3 ఎంజైములు బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. దాంతో అది ప్రోటియాజోమ్‌లో (ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రాంగంలో) నాశనమవుతుంది. అప్పుడు డీఎన్‌ఏ మీద ఉన్న ఈ దారి ఫ్యాక్టర్ టీసీఎఫ్‌కు తోడుగా గ్రౌచో అనే కోరిప్రెసర్ (అణచివేతకు తోడ్పడే ప్రోటీన్) ఉంటుంది. క్షీరదాల్లో దీని బంధువులను టీఎల్‌ఈ అంటారు. సంకేతం వస్తే బీటా-కెటెనిన్ పేరుకుని కేంద్రకంలోకి వెళ్లి టీసీఎఫ్‌ను పట్టుకుంటుంది. దాని వెంట బీసీఎల్9, పైగోపస్ అనే తోడు ప్రోటీన్లు వస్తాయి. టీసీఎఫ్-గ్రౌచో బంధం 1998లో ఈగల్లోనూ కప్పల్లోనూ బయటపడింది.

మొదటి మెట్టు: ప్రయోగానికి ముందే నాలుగు గదులు గీయండి

మీ రిపోర్టర్‌కు (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలవడానికి కట్టిన డీఎన్‌ఏ నిర్మాణానికి) రెండు రూపాలు ఉండాలి: బంధన స్థలాలు బాగున్నది, చెడగొట్టినది. ఒక్కొక్కదాన్ని సంకేతం లేకుండా, సంకేతంతో కొలవాలి. మొత్తం నాలుగు గదులు. చెడగొట్టిన రిపోర్టర్ రెండు పరిస్థితుల్లోనూ 100 చూపిస్తుందని అనుకుందాం (అంకెలు ఊహించినవే). బాగున్న రిపోర్టర్ ఫలితాలను ఇలా చదవాలి:

- సంకేతం లేకుండా 100, సంకేతంతో 600: ఫ్యాక్టర్ యాక్టివేటర్ (జన్యువును నడిపించేది) మాత్రమే.
- సంకేతం లేకుండా 20, సంకేతంతో 100: ఫ్యాక్టర్ రిప్రెసర్ (జన్యువును అణచేది) మాత్రమే. సంకేతం దాన్ని తొలగిస్తోంది, అంతే.
- సంకేతం లేకుండా 20, సంకేతంతో 600: నిజమైన పాత్ర మార్పు.
- రెండింటిలోనూ 20: అణచివేత ఉంది గానీ ఈ సంకేతానికి దానితో పని లేదు.

చెడగొట్టిన రిపోర్టర్ లేదనుకోండి. మొదటి సందర్భంలో 6 రెట్ల పెరుగుదల కనిపిస్తుంది, రెండో సందర్భంలో 5 రెట్లు. ఈ రెండింటినీ ఎవరు వేరు చేయగలరు? ఒకటి యాక్టివేషన్, ఇంకొకటి అణచివేత నుంచి విడుదల. జీవశాస్త్రపరంగా ఇవి పూర్తిగా వేర్వేరు విషయాలు. రెట్లు మాత్రమే చెప్పి ఊరుకునే గ్రాఫ్‌ను నేను నమ్మను.

చెడగొట్టిన రిపోర్టర్ సంకేతంతో కూడా కదలకూడదు. కదిలితే మీ కంటికి చిక్కని బంధన స్థలం ఇంకొకటి ఉందని గానీ, సంకేతం వేరే దారిలో వస్తోందని గానీ అర్థం. అది తేలేదాకా ముందుకు వెళ్లవద్దు.

రెండో మెట్టు: సంకేతం నిజంగా లేదని నిర్ధారించుకోండి

సంకేతాన్ని పెట్టడం సులువు, లేకుండా చేయడమే కష్టం. అణచివేత కనిపించేది సంకేతం లేని గదిలోనే కాబట్టి అక్కడ కొద్దిపాటి సంకేతం మిగిలినా 20 కాస్తా 70 అవుతుంది, మీ పాత్ర మార్పు మాయమవుతుంది.

కణాల ఎంపికతోనే జాగ్రత్త మొదలవ్వాలి. పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన ఎస్‌డబ్ల్యూ480 కణాల్లో ఏపీసీ తెగిపోయి ఉంటుంది. హెచ్‌సీటీ116 కణాల్లో బీటా-కెటెనిన్‌కే మ్యుటేషన్ ఉంది. రెండింటిలోనూ వింట్ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కాబట్టి ఈ పనికి పనికిరావు. హెచ్‌ఈకే293 కణాల్లో మూల స్థాయి తక్కువ. అయినా చాలా కణాలు తమ వింట్ ప్రోటీన్లను తామే విడుదల చేసుకుంటాయి. ఆ దారి మూయడానికి, వింట్ విడుదలకు అవసరమైన పోర్క్యుపైన్ ఎంజైమును ఆపే మందు ఒకటి వాడండి. బీటా-కెటెనిన్‌ను ఇంకా తగ్గించాలంటే ఎక్స్‌ఏవీ939 ఉంది, ఇది ఆక్సిన్‌ను నిలబెడుతుంది.

సంకేతం ఇవ్వడానికి వింట్3ఏ ప్రోటీన్ గానీ, జీఎస్‌కే3ని ఆపే సీహెచ్‌ఐఆర్99021 గానీ వాడవచ్చు. లిథియం క్లోరైడ్ చవక, కానీ మిల్లీమోలార్లలో పోయాల్సి వస్తుంది. కాబట్టి అదే గాఢత సోడియం క్లోరైడ్ పోసిన కంట్రోల్ తప్పనిసరి. అది లేకపోతే మీరు కొలిచింది ఉప్పు ప్రభావమేనని పరీక్షకుడు అనవచ్చు, అందులో తప్పూ లేదు. జీఎస్‌కే3కి కణంలో వేరే పనులు చాలా ఉన్నాయి కనుక మందుతో వచ్చిన ఫలితాన్ని ఒక్కసారైనా అసలు వింట్ ప్రోటీన్‌తో సరిచూడండి.

వేరే దారుల్లో పనిచేసేవారికి వేరే ఉచ్చులు ఉన్నాయి. థైరాయిడ్ రిసెప్టర్ మీద పనిచేస్తుంటే మామూలు సీరంలోనే హార్మోన్ ఉంటుందని మరవవద్దు. బొగ్గుతోనో రెజిన్‌తోనో హార్మోన్లు తొలగించిన సీరం వాడాలి. నాచ్ విషయంలో లిగాండ్‌ను (రిసెప్టర్‌ను పట్టే సంకేత ప్రోటీన్‌ను) ద్రవంలో కలిపితే ప్రయోజనం ఉండదు. రిసెప్టర్‌ను లాగితేనే అది తెగుతుంది, కాబట్టి లిగాండ్‌ను ప్లేటుకు అతికించాలి. సంకేతాన్ని ఆపడానికి గామా-సెక్రటేజ్‌ను నిరోధించే డీఏపీటీ సరిపోతుంది. హెడ్జ్‌హాగ్‌కు ఎన్‌ఐహెచ్ 3టీ3 కణాలు వాడేవారు వాటిని ప్లేటు నిండేదాకా పెంచి, ఆపై సీరం తగ్గించాలి. అప్పుడే ప్రైమరీ సిలియం (కణం మీది వెంట్రుకలాంటి భాగం) లేస్తుంది, అది లేనిదే ఈ సంకేతం సాగదు.

మూడో మెట్టు: అణచివేతను చూపించగల రిపోర్టర్ తయారు చేయండి

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వింట్ దారికి అందరూ వాడే టాప్‌ఫ్లాష్ రిపోర్టర్ 1997 నాటిది. కొన్ని టీసీఎఫ్ బంధన స్థలాలు, వాటి వెనక ఒక కనీస ప్రమోటర్ (జన్యువు చదవడం మొదలయ్యే చోటు), ఆపై వెలుగు పుట్టించే లూసిఫరేజ్ ఎంజైము జన్యువు. దీని జంట ఫాప్‌ఫ్లాష్‌లో బంధన స్థలాలు చెడగొట్టి ఉంటాయి. సంకేతం ఉందా లేదా అని చూడటానికి ఇవి చక్కగా పనికొస్తాయి. అణచివేతను చూడటానికి మాత్రం పనికిరావు. కనీస ప్రమోటర్ దానంతటది దాదాపు మౌనంగా ఉంటుంది. అందువల్ల సంకేతం లేని టాప్‌ఫ్లాష్, చెడిన ఫాప్‌ఫ్లాష్ రెండూ అట్టడుగున ఒకే చోట నిలుస్తాయి. చూసినవారు టీసీఎఫ్ యాక్టివేటర్ మాత్రమేనని తేల్చేస్తారు. దీపాన్ని ఎవరో ఆర్పుతున్నారని నిరూపించాలంటే ముందు అది వెలుగుతూ ఉండాలి కదా!

కాబట్టి బంధన స్థలాల పక్కన ఇంకో యాక్టివేటర్‌కు చోటివ్వండి. ఈ పని ఎంత శుభ్రంగా చేయవచ్చో 2001లో నాచ్ దారిలో చేసిన ప్రయోగం చూపింది. డ్రోసోఫిలా ఈగలో గ్రైనీహెడ్ అనే యాక్టివేటర్ స్థలాలతో ఒక రిపోర్టర్ కట్టారు. కణజాలం అంతటా అది పనిచేసింది. దానికి సప్రెసర్ ఆఫ్ హెయిర్‌లెస్ (నాచ్ సంకేతాన్ని అందుకునే ఫ్యాక్టర్) స్థలాలు జోడించగానే నాచ్ చురుగ్గా ఉన్న కణాల్లో రిపోర్టర్ పెరిగింది, మిగతా చోట్ల తగ్గింది. ఒకే కణజాలంలో పాత్ర మార్పు రెండు ముఖాలూ కనిపించాయి.

కణ వర్ధనంలో దీన్ని అనుకరించడానికి టీసీఎఫ్ స్థలాల పక్కన గాల్4 (ఈస్ట్‌కు చెందిన డీఎన్‌ఏను పట్టే ప్రోటీన్) స్థలాలు పెట్టి, గాల్4కు అతికించిన యాక్టివేటర్‌ను కొద్ది మోతాదులో ఇవ్వవచ్చు. మోతాదు మీ చేతిలో ఉంటుంది కనుక మూల స్థాయిని పైకీ కిందికీ కదిలించవచ్చు. మరీ బలమైన యాక్టివేషన్ పెడితే అణచివేత దాని కింద నలిగిపోతుంది. మీ జన్యువు సొంత ఎన్‌హాన్సర్ (దాన్ని నియంత్రించే డీఎన్‌ఏ ముక్క) చేతిలో ఉంటే ఇంత శ్రమ అక్కరలేదు, ఎందుకంటే ప్రకృతి దాంట్లో తోడు యాక్టివేటర్లను ముందే పెట్టి ఉంటుంది. నేనైతే వీలైనంత వరకు సొంత ఎన్‌హాన్సర్‌తోనే మొదలుపెడతాను.

ఇంకొన్ని పని జాగ్రత్తలు. కణంలోకి తాత్కాలికంగా పంపిన ప్లాస్మిడ్ క్రోమోజోమ్‌లా చుట్టుకుని ఉండదు. హిస్టోన్ల మీద ఎసిటైల్ గుంపులను తొలగించి పనిచేసే కోరిప్రెసర్లు దాని మీద పూర్తి బలం చూపించలేకపోవచ్చు. వీలైతే రిపోర్టర్‌ను జీనోమ్‌లో స్థిరంగా చేర్చండి. ప్లాస్మిడ్ మోతాదు ఎక్కువైతే వేలాది బంధన స్థలాలు కణంలోని కొద్దిపాటి రిప్రెసర్‌ను పంచుకుని, ఎక్కడా అణచివేత లేనట్టు కనిపిస్తుంది. లూసిఫరేజ్ ప్రోటీన్ వెంటనే నశించదు కనుక తగ్గుదల ఆలస్యంగా తెలుస్తుంది. త్వరగా నశించేలా పెస్ట్ తోక తగిలించిన రూపాలు దొరుకుతాయి. పోలికకు వాడే రెనిల్లా (రెండో రకం లూసిఫరేజ్) రిపోర్టర్ మీ మందుకు స్పందించడం లేదని విడిగా చూసుకోండి.

నాలుగో మెట్టు: బంధన స్థలాన్ని చెడగొట్టండి, తీసేయవద్దు

టీసీఎఫ్ బంధన వరుస సుమారుగా సీ-సీ-టీ-టీ-టీ-జీ-ఏ-టీ-సీ. ఫాప్‌ఫ్లాష్‌లో చివర్న ఉన్న ఏ-టీ అక్షరాల స్థానంలో జీ-సీ పెట్టారు. అంత చిన్న మార్పు చాలు. ముక్కను కత్తిరిస్తే పక్కనున్న స్థలాల మధ్య దూరం మారిపోయి, వేరే ప్రోటీన్లు ఇబ్బంది పడి, ఫలితం ఎవరి వల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది. కొత్త వరుస ఇంకో ఫ్యాక్టర్‌కు ఆహ్వానం కాలేదని కంప్యూటర్‌లో చూసుకోండి. టీసీఎఫ్ ఇక దాన్ని పట్టడం లేదని జెల్ షిఫ్ట్‌తో (ప్రోటీన్ పట్టిన డీఎన్‌ఏ జెల్‌లో నెమ్మదిగా కదలడాన్ని చూసే పరీక్షతో) నిరూపించండి. ఎన్‌హాన్సర్‌లో మూడు స్థలాలు ఉంటే మూడూ చెడగొట్టాలి.

జీవిలో ఈ పరీక్ష ఫలితం ఎంత స్పష్టంగా ఉంటుందో రెండు ఉదాహరణలు చూడండి. కప్ప పిండంలో సియామోయిస్ అనే జన్యువు వీపు వైపు కణాల్లో పనిచేస్తుంది. దాని ప్రమోటర్‌లోని టీసీఎఫ్ స్థలాలను 1997లో చెడగొట్టినప్పుడు రిపోర్టర్ వీపు వైపు పడిపోయింది, పొట్ట వైపు పెరిగింది. ఈగ పిండంలో సింగిల్-మైండెడ్ జన్యువు నాచ్ సంకేతం అందుకున్న ఒకే ఒక్క వరుస కణాల్లో పనిచేస్తుంది. ఆ వరుసలో దాన్ని వెలిగించేదీ, పక్క కణాలకు పాకకుండా అణచేదీ సప్రెసర్ ఆఫ్ హెయిర్‌లెస్ ప్రోటీనేనని 2000లో తేలింది. యాక్టివేషన్ మాత్రమే ఉంటే ఆ గీత అంత సన్నగా ఉండదు.

ఐదో మెట్టు: అసలు జన్యువు దగ్గర సరిచూడండి

రిపోర్టర్ చెప్పింది ఊహకు బలం మాత్రమే. క్రిస్పర్‌తో క్రోమోజోమ్ మీదే ఆ రెండక్షరాలు మార్చి, నాలుగు గదులను మళ్లీ నింపండి. ఒకే క్లోన్‌ను నమ్ముకోవద్దు. అదే ప్రక్రియ గుండా వెళ్లి మార్పు పొందని క్లోన్లే సరైన కంట్రోల్. ఆర్‌ఎన్‌ఏ కొలిచేటప్పుడు ఇంట్రాన్‌లో ప్రైమర్లు పెడితే అప్పుడే తయారవుతున్న ఆర్‌ఎన్‌ఏ తెలుస్తుంది. పాత ఆర్‌ఎన్‌ఏ నిల్వ మిమ్మల్ని మోసం చేయదు.

ఆరో మెట్టు: మూడు లేములను పోల్చండి

సంకేతం లేకపోవడం, ప్రోటీన్ లేకపోవడం, బంధన స్థలం లేకపోవడం. యాక్టివేటర్ మాత్రమే అయితే మూడింటి ఫలితం ఒకటే. పాత్ర మార్చే ఫ్యాక్టర్ అయితే సంకేతం లేకపోవడం మిగతా రెండింటికంటే తీవ్రంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ రిప్రెసర్ ఇంకా బతికే ఉంది. వేళ్ల కథ ఇదే. థైరాయిడ్‌లో ఇది మరింత నాటకీయంగా కనిపిస్తుంది. పాక్స్8 జన్యువు లేని ఎలుక పిల్లల్లో థైరాయిడ్ హార్మోన్ తయారు కాదు, అవి పాలు మానే వయసుకే చనిపోతాయి. ఆ హార్మోన్‌ను అందుకునే ఆల్ఫా రిసెప్టర్ రూపాలన్నిటినీ కూడా తీసేస్తే బతుకుతాయి. ఇది కూడా 2002 నాటి ఫలితమే. హార్మోన్ లేని రిసెప్టర్, రిసెప్టర్ లేకపోవడం కంటే ప్రమాదకరం.

ప్రోటీన్‌ను తీసేసేటప్పుడు కుటుంబ సభ్యులను లెక్కపెట్టుకోండి. ఈగలో టీసీఎఫ్ ఒకటే, క్షీరదాల్లో నాలుగు. ఒకదాన్ని తీస్తే మరొకటి ఆ చోటు భర్తీ చేసి మీ ఫలితాన్ని కప్పేస్తుంది. నాలుగూ లేని హెచ్‌ఈకే293 రకపు కణాలను 2019లో తయారు చేశారు. పైగా ఈ నలుగురి స్వభావాలు ఒకటి కావు. టీసీఎఫ్7ఎల్1 ఎక్కువగా రిప్రెసర్‌గా, ఎల్‌ఈఎఫ్1 ఎక్కువగా యాక్టివేటర్‌గా కనిపిస్తాయి. మీ జన్యువు దగ్గర ఒక సభ్యుడు దిగిపోయి ఇంకొకడు ఎక్కుతుంటే అది పాత్రధారి మార్పు. దాన్ని పాత్ర మార్పు అని రాయకూడదు. ఈగ కంటిలో యాన్, పాయింటెడ్ ప్రోటీన్లు ఇలాగే ఒకే రకం స్థలాల కోసం పోటీపడతాయి. ఎంఏపీ కైనేజ్ సంకేతం రిప్రెసర్ అయిన యాన్‌ను బయటికి పంపి, యాక్టివేటర్ అయిన పాయింటెడ్‌కు బలమిస్తుంది.

ఇంకో చవకైన పరీక్ష ఉంది. మీ ఫ్యాక్టర్‌లో డీఎన్‌ఏను పట్టే భాగానికి ఒకసారి వీపీ16 యాక్టివేషన్ భాగాన్ని, ఇంకోసారి ఎన్‌గ్రెయిల్డ్ అణచివేత భాగాన్ని అతికించి కణాల్లోకి పంపండి. ఫ్యాక్టర్‌ను తీసేసినప్పటి లక్షణాలను వీపీ16 రూపం పోలి ఉంటే ఆ కణాల్లో అది రిప్రెసర్‌గా ఉండేదన్నమాట.

ఏడో మెట్టు: మార్పు ఎలా జరుగుతోందో చూడండి

ఫ్యాక్టర్ అలాగే ఉండి తోడు ప్రోటీన్లు మారుతున్నాయా, లేక ఫ్యాక్టరే వేరే రూపం దాలుస్తోందా? రెండోదాన్ని వెస్టర్న్ బ్లాట్ చెప్పేస్తుంది. సంకేతం లేనప్పుడు పీకేఏ, జీఎస్‌కే3, సీకే1 ఎంజైములు గ్లి3కి ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. అప్పుడు సుమారు 190 కిలోడాల్టన్ల ప్రోటీన్ తెగి 83 కిలోడాల్టన్ల రిప్రెసర్ మిగులుతుంది. రెండు గీతల నిష్పత్తి చూస్తే సంకేతం స్థాయి తెలుస్తుంది. మనుషుల్లోనూ దీనికి సాక్ష్యం ఉంది. గ్లి3ని తయారుచేసే జీఎల్‌ఐ3 జన్యువు ఒక ప్రతి పూర్తిగా పనిచేయకపోతే గ్రీగ్ సిండ్రోమ్ వస్తుంది. అదే జన్యువు మధ్యలో తెగి, ఎప్పుడూ అణచే పొట్టి ప్రోటీన్ తయారైతే పాలిస్టర్-హాల్ సిండ్రోమ్ వస్తుంది. ఒకే జన్యువులో రెండు రకాల దెబ్బలకు రెండు వేర్వేరు జబ్బులు.

తోడు మార్పు అయితే క్రోమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్ (ఏ ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఎక్కడ ఉందో యాంటీబాడీతో చూసే పద్ధతి) చేయాలి. టీసీఎఫ్, టీఎల్‌ఈ, బీటా-కెటెనిన్, హిస్టోన్ హెచ్3లో 27వ లైసిన్ ఎసిటైలేషన్, ఈ నాలుగింటినీ కొన్ని సమయ బిందువుల దగ్గర కొలవండి. ఫ్యాక్టర్ లేని కణాలను కంట్రోల్‌గా పెట్టకపోతే యాంటీబాడీ ఎంత నిజం చెబుతోందో తెలియదు. థైరాయిడ్ రిసెప్టర్ వాళ్లు ఎన్‌కార్, ఎస్‌మర్ట్, హెచ్‌డాక్3 అనే అణచివేత తోడు ప్రోటీన్లు వెళ్లిపోవడాన్ని చూస్తారు. ఫ్యాక్టర్ కదలకుండా కూర్చుంటుందని ముందే నిర్ణయించుకోవద్దు. 2007లో ఈగ కణాల్లో నాచ్‌ను ఒక్కసారిగా చురుకుచేసి చూసినప్పుడు సప్రెసర్ ఆఫ్ హెయిర్‌లెస్ కొన్ని జన్యువుల మీద అంతకుముందు కంటే ఎక్కువగా చేరింది. బొమ్మల్లో గీసేంత స్థిరంగా ఏదీ ఉండదు.

జన్యువు స్పందన నేరుగా వచ్చిందా, మధ్యలో ఇంకో ప్రోటీన్ తయారవ్వాలా అని తెలుసుకోవడానికి సైక్లోహెక్సిమైడ్‌తో ప్రోటీన్ల తయారీని ఆపి చూస్తారు. దీనికో చిక్కు ఉంది. త్వరగా నశించే రిప్రెసర్లు ఈ మందుతోనే మాయమై, సంకేతం లేకుండానే జన్యువు లేవవచ్చు. కాబట్టి మందు మాత్రమే ఇచ్చిన గది కూడా ఉండాలి.

ఎనిమిదో మెట్టు: ఊహించనివి వస్తే

అన్నీ సరిగా చేసినా 20 నుంచి 600 రాకపోవచ్చు. సంకేతం ఇచ్చినా 100 దాటకపోతే కంగారు పడవద్దు. ఈ దారుల్లో సంకేతం అందుకున్న ఫ్యాక్టర్ ఒంటరిగా జన్యువును లేపలేకపోవడం మామూలే, పక్కన ఆ కణజాలానికే చెందిన యాక్టివేటర్ కావాలి. దాన్ని అందించి మళ్లీ కొలవండి, లేదా ఆ జన్యువు సహజంగా పనిచేసే కణాలకు మారండి.

ఇక బాణం పూర్తిగా తిరగబడే సందర్భాలు. థైరాయిడ్ హార్మోన్ పిట్యూటరీలో టీఎస్‌హెచ్ బీటా జన్యువును తగ్గిస్తుంది. ఈగల్లో కొన్ని జన్యువుల దగ్గర టీసీఎఫ్ మామూలు వరుసకు భిన్నమైన వరుసను పట్టుకుంటుంది, అక్కడ వింట్ సంకేతం వస్తే జన్యువు తగ్గుతుంది. ఇది 2008లో తెలిసింది. మీ నాలుగు గదుల్లో సంకేతంతో అంకె పడిపోతే ట్యూబులు తారుమారయ్యాయేమో ఒకసారి చూసుకోండి. తారుమారు కాకపోతే మామూలు వరుస కోసం వెతకడం ఆపి, ఎన్‌హాన్సర్‌ను చిన్న ముక్కలుగా మారుస్తూ ఆ స్పందన ఏ అక్షరాల మీద నిలిచి ఉందో వెతకండి.